చందా కాగితంలో మొదటి గీత

సెక్టర్ 7, భిలాయి
2 ఫిబ్రవరి 2025, ఆదివారం

విజయనగరం మామ్మకి,

ఈ రోజు మొదటి వింత: తాయారమ్మ గారు నన్ను టిఫిన్ కొట్టు ముందు నుంచి గరిటెతో తరిమారు. నేను దొంగతనం చెయ్యలేదు. చందా అడిగాను, అంతే. "ఓలమ్మో! పొద్దున్నే బోణీ కాకముందు ఏటే ఆ మాట? పెట్టేటి, శవాలేటి! నా ఇడ్లీలు ఉడుకుతున్నాయి, నడు, నడు!" అని, నేను నిలబడ్డ చోట చెంబుడు నీళ్ళు కూడా చల్లేశారు. పక్కనే ఉన్న సాయిప్రియ నవ్వు ఆపుకోలేక నేల మీద కూలబడింది.

మొదటి నుంచీ చెప్తాను. నేను, నా క్లాస్‌మేట్ సాయిప్రియ కలిసి ఇక్కడి తెలుగు వాళ్ళ కోసం ఒక ఫ్రీజర్ పెట్టె కొనాలనుకున్నాం. మనిషి పోయాక, ఊరి నుంచి అయినవాళ్ళు వచ్చేదాకా ఉంచే అద్దాల పెట్టె. ఇక్కడున్న వాళ్ళలో సగం మంది చుట్టాలు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే ఉన్నారు. కబురు అంది, రైలెక్కి, దిగేసరికి ఒక రాత్రీ ఒక పగలూ పడుతుంది. మే నెలలో ఇక్కడి ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు. అద్దెకిచ్చే పెట్టెలు రెండో మూడో ఉన్నాయి. కావలసినప్పుడు అవి దొరకవు. అందుకే మనదంటూ ఒకటి ఉండాలి. ధర డెబ్బై అయిదు వేలు. ఎండలు ముదిరేలోగా కొనాలి.

మామ్మా, తాతయ్య పోయిన రోజు మీరు మా గేటు దగ్గర నుంచే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాక నేను మీకు రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. ఫోన్ చేస్తే మీరు ఎత్తడం లేదు. ఉత్తరమైతే చింపే ముందు ఒక్కసారి చదువుతారని ఆశ. ముప్ఫై ఏళ్ళు తెలుగు చెప్పిన టీచరు కదా, తప్పులు దిద్దడానికైనా చదువుతారు. నేను బడిలో చదివింది హిందీ. తెలుగు తాతయ్య పెట్టిన భిక్ష. 'భిక్ష' అన్న మాట ఇక్కడ సరిపోయిందా?

కరపత్రం కూడా నేనే రాశాను. ఇందులో పెడుతున్నాను. దిద్ది పంపగలరా?

మీ అన్నయ్య మనవరాలు,
కిరణ్మయి


విజయనగరం
16-2-2025

కిరణ్మయికి,

భిక్ష సరిపోయింది. కరపత్రం సరిపోలేదు.

"మృత్యుదేవత శీతల కౌగిలి" అని మొదలుపెట్టావు. అది చదివి చందా ఎవరిస్తారే? జనం కాగితం కింద పడేసి పరుగెడతారు. తాయారమ్మ చెంబుడు నీళ్ళతోనే సరిపెట్టింది, ఆవిడ మంచిది. "పరమపదించిన పార్థివ దేహము" కొట్టేశాను. "విధి వక్రించిన వేళ" కొట్టేశాను. కొత్త మాట దొరకగానే దాన్ని ఎక్కడో ఒకచోట ఇరికించకపోతే నీకు నిద్ర పట్టేలా లేదు. ఆ జబ్బు మీ తాతకీ ఉండేది.

మిగిలింది ఒక్క వాక్యం. దాన్నే పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించు: "మనవాళ్ళు రైలు దిగేదాకా ఆగుదాం." చాలు.

ఇంకో మాట. డబ్బున్న వాళ్ళ దగ్గరికి ముందు వెళ్ళకు. ఆలస్యంగా రైలు దిగిన వాళ్ళ దగ్గరికి వెళ్ళు. ప్రతి వీధిలోనూ ఒకరుంటారు. వాళ్ళకి నువ్వు వివరించనక్కర్లేదు.

మీ అమ్మని అడిగానని చెప్పు. మీ నాన్న ఊసు ఈ ఉత్తరంలో లేదు, గమనించే ఉంటావు.

జ్ఞానప్రసూన


సెక్టర్ 7, భిలాయి
9 మార్చి, ఆదివారం

మామ్మా,

మీ ఉత్తరం ఎర్ర సిరాతో నిండి వచ్చింది. అయినా నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. "నీకు నిద్ర పట్టేలా లేదు" అన్న చోట మీ గొంతే వినిపించింది.

మీరు చెప్పినట్టే చేశాం. కరపత్రంలో ఒక్క వాక్యం. దాన్ని పట్టుకుని మార్చి మొదటి శనివారం పొద్దున్న పదింటికి బయల్దేరాం. అక్కడే తప్పు చేశాం. ఇక్కడే పుట్టి పెరిగిన దాన్ని, నాకైనా తట్టాలి. మూడో ఇంట్లో తలుపు తీసినాయన లుంగీతో, ఎర్రబడ్డ కళ్ళతో ఉన్నారు. "నైట్ డ్యూటీ చేసొచ్చి ఇప్పుడే పడుకున్నానమ్మా. పెట్టె పెట్టె అంటూ తలుపు బాదుతున్నావు, నిద్రలోనే నన్ను అందులో పెట్టేసేలా ఉన్నావే!" అన్నారు. లోపల నుంచి వాళ్ళావిడ, "మీ గురక వింటే ఎవరూ పొరపడర్లెండి!" అంది. ఆయన ఐదు వందలిచ్చి మళ్ళీ పడుకున్నారు.

అప్పటి నుంచి ఏ ఇంట్లో ఎవరికి స్టీల్ ప్లాంటులో ఏ షిఫ్టో ముందు కనుక్కుని, మొదటి షిఫ్టు దిగి టీ తాగే వేళకే వెళ్తున్నాం. టీలు తాగి తాగి సాయిప్రియకి కడుపులో మంట.

మీరన్నది నిజం మామ్మా. ఇక్కడికి దగ్గర్లోనే జాముల్ అనే చోట అహల్య గారని ఉన్నారు. సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర చిన్న బడ్డీ. కరపత్రం చదివి ఏమీ అడగలేదు. గల్లా పెట్టెలోంచి రెండు వేలు తీసి చేతిలో పెట్టి, "మా యమ్మకి నాను అందలేదు" అని, వెంటనే ఎవరికో సబ్బు ఇవ్వడానికి లేచిపోయారు.

ఇప్పుడు ఒక చిక్కు వచ్చింది. మీకు నవ్వొస్తుంది, మాకు ఏడుపొస్తోంది. చందా కాగితంలో ఒకటో నంబరు ఖాళీ! ఎవరూ రాయరు. ముందు పేరు రాసినవాళ్ళే ముందు ఆ పెట్టెలో పడుకుంటారని ఎవరు పుట్టించారో గానీ, అందరూ నమ్మేశారు. రెండు నుంచి ముప్ఫై నాలుగు దాకా పేర్లున్నాయి. పైన మొదటి గీత మాత్రం నోరు తెరుచుకుని ఉంది. హథ్‌ఖోజ్‌లో వర్క్‌షాప్ ఉన్న దక్షిణామూర్తి గారు ఐదు వేలు ఇస్తానన్నారు. కాగితం చూసి, "ఒకటి ఖాళీ ఉందేం బేటా?" అన్నారు. "మీ కోసమే అంకుల్" అన్నాను, తెలివిగా అనుకుని. ఆయన కలం మూసి జేబులో పెట్టేసుకున్నారు. "ఆ గీత నిండాక రా. నాకు ఇంకా ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళున్నాయి" అన్నారు. ఇప్పుడు ఆయన్ని చూసి వర్క్‌షాపుల వాళ్ళంతా అదే మాట. ముప్ఫై ఒక్క వేల దగ్గర ఆగిపోయాం.

ఆ గీత కొట్టేసి రెండునే ఒకటి చేద్దామన్నాను. రెండో నంబరాయన మా ఇంటికొచ్చి గొడవ పెట్టాడు.

నాన్న ఇంకా ఏమీ రాయలేదు. "అందరూ అయ్యాక వేస్తాను" అంటున్నాడు. మీ గురించి నేనే చెప్పాను, మామ్మ జవాబు రాసిందని. అన్నం తింటున్నవాడు చెయ్యి ఆపి, "చేతిరాత అలాగే ఉందా?" అని అడిగాడు. చూపించాను. చదవలేదు, రాతను మాత్రం చూసి తిరిగి ఇచ్చేశాడు.

కిరణ్మయి


విజయనగరం
20-3-2025

చిరంజీవి కిరణ్మయికి,

నవ్వాను. చాలా కాలానికి బయటికి వినిపించేలా నవ్వాను. పక్కింటి సత్యలక్ష్మి గోడ మీంచి తొంగి చూసి, "ఏటయ్యింది టీచరమ్మా?" అంది. చెప్పాను. తనూ నవ్వి, లోపలికెళ్ళి నీ పెట్టెకి నూట పదహార్లు తెచ్చిచ్చింది. "నన్ను నలభయ్యో నంబరులో రాయమనండి" అంది. చూశావా, ఇక్కడ కూడా అదే భయం.

ఒకటో నంబరులో నా పేరు రాయి. నాకు డెబ్బై నాలుగేళ్ళు. మోకాళ్ళు రెండూ ఎప్పుడో సెలవు పెట్టాయి. ఆ గీతకి నాకంటే అర్హులెవరున్నారు మీ భిలాయిలో? పూర్తిగా రాయి: గంటి జ్ఞానప్రసూన, రిటైర్డ్ తెలుగు పండిట్, విజయనగరం. పింఛను డబ్బులోంచి పదివేల నూట పదహార్లు, దానితో సత్యలక్ష్మివి కూడా, నీ బ్యాంకులో వేశాను. మీ దక్షిణామూర్తికి చెప్పు, ఒకటో నంబరు మనిషి ఇంకా అట్లు పోసుకు తింటోందని.

ఇక రెండో సంగతి. నువ్వు పెద్దదానివయ్యావు కనుక అడుగుతున్నాను. వేరే ఎవర్నీ అడగను.

ఆ రోజు రైలు దారిలో ఆగిపోతే నేను టిట్లాగఢ్ నుంచి ఫోన్ చేశాను. ఎత్తింది నువ్వు. సాయంత్రానికి వస్తాను, నా అన్నయ్య ముఖం నాకు చూపించకుండా పంపొద్దని మీ నాన్నతో చెప్పమన్నాను. సరే మామ్మా అన్నావు. నేను గేటు దగ్గరికి వచ్చేసరికి ఇల్లు కడిగేశారు. ఎందుకు ఆగలేదని అడిగితే, "తప్పు నాదే అత్తా, ఎండకి ఆగలేకపోయాను" అన్నాడు మీ నాన్న కృష్ణమోహన్. ఆ కుర్రాడికి లెక్కలు, తెలుగు నేను నేర్పాను. సెలవులకి వచ్చి నా దగ్గర పెరిగాడు. నా మాట అలా తీసేసే మనిషి కాడు. పది నెలలుగా అదే నాకు కొరుకుడు పడటం లేదు.

నువ్వు అక్కడే ఉన్నావు. ఏం జరిగిందో రాయి. కొత్త మాటలు వాడకుండా రాయి.

మామ్మ


సెక్టర్ 7, భిలాయి
13 ఏప్రిల్, ఆదివారం

మామ్మా,

ముందు మంచి కబురు రాస్తాను, తర్వాత రాయాల్సింది రాయడానికి ధైర్యం వస్తుందేమో.

మీ పేరు ఒకటో గీత మీద రాశాను. కాగితం పట్టుకుని దక్షిణామూర్తి గారి దగ్గరికి వెళ్ళాం. రెండుసార్లు చదివి, "ఈవిడ నిజంగా ఉన్నారా, మీరు కల్పించారా?" అన్నారు. మీ ఉత్తరంలో అట్ల సంగతి చూపించాను. పకపకా నవ్వి, ఐదు కాదు, పది రాశారు. తర్వాత మేం ఎక్కడికీ వెళ్ళి బతిమాలుకోనక్కర్లేకపోయింది. తాయారమ్మ గారు కూడా పిలిచారు, అదీ బోణీ అయ్యాక. "టీచరమ్మ రాసీసినాక మనకేటి భయం?" అని వెయ్యిన్నూట పదహార్లు ఇచ్చి, రెండు వడలు పొట్లం కట్టారు. డెబ్బై ఒక్క వేలు అయ్యాయి. పెట్టెకి చెప్పేశాం. ఈ నెలాఖరుకి వస్తుంది.

ఇప్పుడు మీరడిగింది. ఇరవై రోజులుగా రాస్తున్నాను, చింపేస్తున్నాను.

ఆ రోజు అద్దె పెట్టెలన్నీ వేరే ఇళ్ళల్లో ఉన్నాయి. చేపల బజారు నుంచి ఐసు దిమ్మలు తెచ్చారు. పొద్దున్న పదకొండు అయ్యేసరికి అవి కరిగి, గది నిండా నీళ్ళూ, రంపపు పొట్టూ. అగరొత్తులు గుత్తులు గుత్తులుగా వెలిగించారు. అప్పుడే మీ ఫోన్. సరే మామ్మా అన్నాను. నాన్నకి చెప్దామనే లోపలికి వెళ్ళాను.

గుమ్మం దగ్గర ఇద్దరు తువ్వాలుతో ముక్కు మూసుకుని ఉన్నారు. వాళ్ళ తప్పు లేదు. కానీ తాతయ్య చొక్కాకి ముడత ఉంటే వీధిలోకి వెళ్ళని మనిషి. రోజూ రెండు పూటలా స్నానం చేసే మనిషి. ఆయన ముందు ముక్కు మూసుకోవడం నేను చూడలేకపోయాను. ఇంకో ఏడు గంటలు అలా ఉంచడం నా వల్ల కాలేదు.

నాన్న అడిగాడు, "అత్త ఏమంది?" అని. "బండి ఎప్పుడొస్తుందో తెలియదట. మనల్ని కానిచ్చేయమంది మామ్మ" అన్నాను. "నిజంగా అలా అందా?" అని ఇంకోసారి అడిగాడు. అవునన్నాను.

నాన్న మీ మాట తీసెయ్యలేదు మామ్మా. మీ మాట నాన్నకి చేరలేదు.

సాయంత్రం మీరు గేటు దగ్గర "ఆగమని చెప్పానా లేదా?" అని అరిచినప్పుడు నాన్న నా వైపు చూశాడు. ఒక్క క్షణం. అంతే, తప్పు నాదే అత్తా అన్నాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. ఆ తర్వాత నాన్న నన్ను ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు.

పెట్టె కొందామన్నది అందుకే. నేను మంచిదాన్నని అందరూ మెచ్చుకుంటున్నారు. మీకు మాత్రం తెలియాలి.

కిరణ్మయి


విజయనగరం
2-5-2025

కిరణ్మయికి,

నీ ఉత్తరం చదివి మడిచి బియ్యం డబ్బా మీద పెట్టాను. వారం రోజులు దాని జోలికి పోలేదు. బియ్యం తీసుకోవాల్సి వచ్చి మళ్ళీ చదివాను.

కోపం రాలేదని రాస్తే అబద్ధం. వచ్చింది. ఆ చివరి చూపు నాది. దాన్ని నువ్వు ఎవరికీ ఇచ్చెయ్యకూడదు, మీ తాత పరువు కోసమైనా సరే. ఇది దిద్దడానికి నా దగ్గర ఎర్ర సిరా లేదు. దీన్ని నువ్వు మోస్తావు. కొంచెం కొంచెంగా తేలికవుతుంది, పూర్తిగా పోదు.

నా సంగతి కూడా చెప్పాలి. చెప్పకపోతే నీకు అన్యాయం చేసినట్టు.

పోయిన ఏడు ఏప్రిల్లో అన్నయ్య నాకు కార్డు రాశాడు. "ఒంట్లో అంత బాగోలేదు, ఒకసారి వచ్చి పో" అని. వాడు అలా రాసేవాడు కాదు. నాకు అర్థమయ్యే ఉండాలి. కాయలు అప్పుడే దిగుతున్నాయి. ఆవకాయ పెట్టి, మూడో నాడు తిరగకలిపి, నీకో జాడీ తెస్తాను అని జవాబు రాశాను. ఆ తర్వాత మాగాయ అన్నాను. ఆ తర్వాత ఎండలు తగ్గనీ అన్నాను. ఆ జాడీ ఒళ్ళో పెట్టుకునే ఆ రోజు రైల్లో కూర్చున్నాను. నలభై రోజులు వెళ్ళగలిగీ వెళ్ళని దాన్ని, ఏడు గంటలు ఆగలేదని మేనల్లుడి మీద పడ్డాను. మనమీద మనకి కోపం పట్టనంతగా ఉన్నప్పుడు పక్కవాడి మీద పొయ్యడం సులువు. వాడు పొయ్యనిచ్చాడు.

ఈ నెల పదిహేడున అన్నయ్య సంవత్సరీకం. వస్తున్నాను. పదిహేనో తేదీ సాయంత్రం బండి ఎక్కుతాను. సత్యలక్ష్మి వచ్చి ఎక్కిస్తుంది. ఎస్ నాలుగు, కింద బెర్తు.

నేను దిగేలోగా నువ్వు ఒక పని చెయ్యాలి. ఆ సంగతి మీ నాన్నకి నీ నోటితో చెప్పు. నా నోటి నుంచి వాడు వినకూడదు. కాగితం మీద నాకు చెప్పడం నీకు చాతయింది. ఇది అంతకన్నా కష్టం.

మామ్మ


సెక్టర్ 7, భిలాయి
15 మే, గురువారం సాయంత్రం

మామ్మా,

మీరు ఈపాటికి రైలెక్కి ఉంటారు. ఈ ఉత్తరం పోస్టు చెయ్యను. నాన్న చేతికిచ్చి పంపుతాను.

పెట్టె వచ్చింది. తక్కువపడ్డ నాలుగు వేలూ నాన్నే వేశాడు. తెలుగు సంఘం హాలు పక్క గదిలో పెట్టాం. మూడో రోజే జాముల్ నుంచి కబురు. కన్నమ్మ గారని, ఎనభై దాటిన ఆవిడ. చెల్లెలు పలాస నుంచి రావాలి. ఇరవై రెండు గంటలు పట్టింది. చెల్లెలు వచ్చేసరికి నేను అక్కడే ఉన్నాను, కరెంటు పోతే చూసుకోవాలని. ఆవిడ ఏడవలేదు. అద్దం మీద చెయ్యి పెట్టి, "ఏటే, బొట్టు ఇంత చిన్నది పెట్టీసినారు నీకు?" అని అక్కని అడిగింది. తర్వాత చాలాసేపు ఇంటి సంగతులు చెప్పింది. ఆవు ఈనిందని, ఎవరికో పెళ్ళి కుదిరిందని. నేను బయటికి వచ్చి సైకిలు పట్టుకుని నిలబడ్డాను. మీ దగ్గర నేను ఏం తీసుకున్నానో నాకు అప్పుడే పూర్తిగా తెలిసింది. కొత్త మాటలు వాడటం లేదు మామ్మా. దానికి నా దగ్గర మాట లేదు.

నిన్న నాన్నకి చెప్పాను. ప్లాంటులో రైల్ మిల్ డ్యూటీకి వెళ్ళబోతూ బూట్లు తుడుచుకుంటున్నాడు. ఎదురుగా నేల మీద కూర్చుని మొత్తం చెప్పాను. ఒక బూటు అయ్యాక రెండోది తీసుకున్నాడు.

"తెలుసమ్మా" అన్నాడు.

"మరి నాకు ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్తావని చూశాను. నీకప్పుడు పద్దెనిమిది, నాకు నలభై తొమ్మిది. అత్త కోపం ఇద్దరిలో ఎవరు మొయ్యగలరు? నాకు అలవాటే. ఎక్కాలు తప్పినప్పుడల్లా తిన్నదే." నవ్వబోయాడు గానీ, రాలేదు. బ్రష్షు కింద పెట్టి, నల్ల చేత్తోనే నా తల మీద చెయ్యి వేశాడు. తర్వాత అమ్మ నా జుట్టు రెండుసార్లు కడిగింది.

డ్యూటీకి బయల్దేరినవాడు గేటు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చాడు. "అత్త నిజంగా వస్తానందా? నన్ను రమ్మందా స్టేషన్‌కి?" అని అడిగాడు. మీ ఉత్తరం ఇచ్చాను. ఈసారి రాత మాత్రమే చూసి ఇవ్వలేదు. అక్కడే నిలబడి చదివాడు. ఆవకాయ దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపి, కాసేపు వీధిలోకి చూశాడు. డ్యూటీకి ఆలస్యమయ్యాడు. పదహారేళ్ళ సర్వీసులో మొదటిసారి అని అమ్మ అంటోంది.

ఈ రోజు షిఫ్టు మార్చుకుని వచ్చాడు. చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నాడు. ఎస్ నాలుగు ఎక్కడ ఆగుతుందని దుర్గ్ స్టేషన్‌లో తెలిసినవాళ్ళకి రెండుసార్లు ఫోన్ చేశాడు. మీ మోకాళ్ళ కోసం దక్షిణామూర్తి గారు తన కారు పంపుతానన్నారు. "ఒకటో నంబరు గారు ఆటోలో రావడమేమిటి?" అన్నారు.

రేపు బండి ఆరుం పావుకి. ఐదింటికి నాన్న నన్ను లేపుతాడు. స్టేషన్‌కి ఇద్దరం వస్తాం, కానీ మీ బోగీ దగ్గరికి నాన్న ఒక్కడే వస్తాడు. నేను మెట్ల దగ్గర ఆగుతాను. మీరిద్దరూ మాట్లాడుకోండి, ఎంతసేపైనా. మీరు పిలిస్తే పరుగెత్తుకొస్తాను. పిలవకపోతే, మీ సామాను తీసుకుని వెనకే నడుస్తాను.

కిరణ్మయి